పీతల బుట్టకు కట్టిన రిబ్బను

ఆదివారం ఆబిడ్స్‌లో పాత పుస్తకాలు పరిచే ఫుట్‌పాత్ దగ్గర మమ్మల్ని దించి, మా ఆయన తన ఫోన్ నా చేతికిచ్చి స్కూటర్ పెట్టే చోటు వెతుక్కుంటూ వెళ్లాడు. పాప బొమ్మల పుస్తకాల కుప్ప ముందు గొంతుక్కూర్చుంది. బాబు నా చున్నీ పట్టుకుని చెరకు రసం కోసం గునుస్తున్నాడు. ఫోన్ మోగింది. చూస్తే, గాలం వేసేవాళ్లంతా ఉండే ఆయన వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో. బురద పట్టిన వల బుట్ట, దాని పక్కన నేల మీద ఏదో నల్లగా, తడిగా, చిన్న కుక్కపిల్లంత. బుట్ట అంచుకు ఆకుపచ్చ రిబ్బను.

ఆ నల్లటిదేమిటో నాకు వెంటనే తెలియలేదు. రిబ్బను మాత్రం తెలిసింది. పక్కన ఎవరో నిఘంటువుకు బేరమాడుతున్నారు, బస్సు హారన్ కొడుతోంది, బాబు చున్నీ లాగుతూనే ఉన్నాడు. ఫోన్‌ను తిప్పి గుండెకు ఆనించుకున్నాను, పాప కంటపడకుండా. కాసేపటికి మళ్లీ తీసి చూశాను. అది నీటికుక్క పిల్ల. చచ్చిపోయి ఉంది.

మా ఆయన ఆబిడ్స్‌లోనే ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. మాది నాంపల్లి స్టేషన్ వెనక కిరాయి ఇల్లు. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో గండిపేట చెరువుకు వెళ్లి గాలం వేసేవాడట. ఇప్పటికీ సెలవు దొరికితే ఏదో ఒక చెరువు గట్టున కూర్చోవలసిందే. పట్టిన చేపల్లో సగం మళ్లీ నీళ్లలోకే వదిలేస్తాడు. ఇంటికి వచ్చాక ఆ రోజంతా ఎవరి మీదా విసుక్కోడు. అందుకే ఆ అలవాటుకు నేనెప్పుడూ అడ్డు చెప్పలేదు.

మొన్న దసరా సెలవుల్లో పిల్లలకు సముద్రం చూపిద్దామన్నాడు. సాయంత్రం నాంపల్లిలో బండెక్కి, తెల్లవారి కోస్తాలో దిగి, అక్కడి నుంచి ఆటోలో ఒక చిన్న ఊరికి వెళ్లాం. ఊరి పక్కన ఉప్పుటేరు సముద్రంలో కలుస్తుంది. ఏటికి రెండు వైపులా మడ చెట్లు. మొదటి రోజంతా ఆయన గాలం వేస్తుంటే పిల్లలు గవ్వలు ఏరుకున్నారు. ఏటి మధ్యలో నీటికుక్కల కుటుంబమొకటి తలలు పైకెత్తి మమ్మల్ని చూసి మునిగింది. పాప వాటిని లెక్కపెడుతుంటే అవి మళ్లీ మళ్లీ మునిగి లెక్క తప్పించేవి. అంత నవ్వు దాని నోట చాలా రోజులకు విన్నాను.

ఆ సాయంత్రం ఆయన సంచిలోంచి గొడుగులా ముడిచిన వల బుట్ట తీశాడు. ఆఫీసులో మిత్రుడొకరు ఇచ్చాడట. లోపల చేప తలకాయలు కట్టి నీళ్లలో పెడితే చాలు, పీతలు పడతాయట. "ఎండ్రకాయలు వాటంతట అవే వచ్చి కూసుంటయ్" అన్నాడు. ఏటి గట్టు మీద ఒక బోర్డు ఉంది. ఉప్పు గాలికి రంగు లేచిపోయి "నిషేధము" అన్న మాట మాత్రం మిగిలింది. దేన్ని నిషేధించారో అక్షరాల్లేవు. నేను అడిగాను. వలల గురించి అయ్యుంటది, ఇది బుట్ట కదా అన్నాడు. నాకూ అది సబబుగానే తోచింది.

ఒక మడ చెట్టు వేరుకు బుట్టను తాడుతో కట్టాడు. పొద్దున గుర్తు పట్టడానికి ఏదైనా కావాలన్నాడు. పాప జడ రిబ్బను బుట్ట అంచుకు కట్టమన్నది నేనే. స్కూలు రిబ్బన్ల జతలో ఒకటి విప్పి దాని చేతికిచ్చాను. అది నాలుక బయటపెట్టి, బూట్ల లేసులకు నేర్పిన ముడే వేసింది.

మా తప్పు ఏమిటో ఇప్పుడు తెలుస్తోంది. మేము చెరువు మనుషులం. చెరువులో సాయంత్రం నీళ్లు ఎక్కడున్నాయో పొద్దున కూడా అక్కడే ఉంటాయి. మేము బుట్ట కట్టింది నీళ్లు బాగా తగ్గి ఉన్నప్పుడు. మర్నాడు పిల్లలు లేచి, ఇడ్లీ తిని, తీరిగ్గా గట్టుకు చేరేసరికి పోటు వచ్చి ఏరు నిండుగా ఉంది. నిన్న నడిచిన బురద లేదు, వేళ్లు లేవు, రిబ్బను లేదు. అన్ని చెట్లూ నడుము లోతు నీళ్లలో ఒక్కలాగే నిలబడి ఉన్నాయి. ఆయన దిగి చేతులతో తడిమాడు. నీళ్లు తగ్గేదాకా ఆగితే బండి పోతుంది. పాప ఏడుపు మొహం పెడితే, "మన బుట్ట యాడికి పోతది? మళ్లొచ్చినప్పుడు తీద్దాం, నిండుగ ఉంటది" అన్నాడు.

అప్పటినుంచి ఇంట్లో అదొక ఆటైంది. అన్నం తినేటప్పుడు పాప అడిగేది, ఇప్పటికి ఎన్ని పడి ఉంటాయని. ఆయన నోటికొచ్చిన అంకె చెప్పేవాడు. నేనూ నవ్వేదాన్ని.

పుస్తకం ఏది కొన్నామో గుర్తులేదు. ఇంటికొచ్చాక పిల్లల్ని మిద్దె మీద ఆడుకోమని పంపి, వంటింట్లో ఆయనకు ఫోటో చూపించాను. దాని కింద ఒక ఆడియో కూడా ఉంది. పంపింది ఆ ఏటికి దగ్గరి పట్నంలో ఉండే రిటైరైన మాస్టారు. గ్రూపులో ఆయనే పెద్ద. మెల్లగా, ఎవరినీ తిట్టకుండా చెప్పాడు.

"ఈ బుట్ట మన వాళ్లలో ఎవరిదైనా అయితే చెప్పండి బాబూ. అది ఫారెస్టు హద్దులో దొరికింది. ఫారెస్టు వాళ్లేమో ఊళ్లో వాళ్లదే అనుకుని, ఎవరిదో తేలేదాకా వాళ్లనెవ్వరినీ ఏట్లోకి దిగనివ్వటం లేదు. పాపం, ఆడవాళ్లు పీతలకెళ్లి నాలుగు రోజులైంది."

మా ఆయన స్టవ్ పక్కన గోడకు ఆనుకుని రెండోసారి విన్నాడు.

"మనదే అని ఎట్ల తెలుస్తది?" అన్నాడు.

"రిబ్బను."

"ఆకుపచ్చ రిబ్బన్ మన పిల్లకొక్కదానికే ఉన్నదా? సగం స్కూళ్లల్ల గదే రంగు."

"ఆ ముడి?"

"లోకమంత గట్లనే కడ్తరు."

నేను అలమరలోంచి జతలో మిగిలిన రిబ్బను తెచ్చాను. దారాలు ఊడుతున్నాయని స్కూళ్లు తెరిచినప్పుడు రెంటి అంచులూ కుట్టాను. ఇంట్లో ఆకుపచ్చ దారం లేక పసుపు దారంతో కుట్టాను. ఫోటోను వేళ్లతో లాగి పెద్దది చేశాం. అంచు దగ్గర పసుప్పచ్చగా ఏదో ఉన్నట్టుంది. ఇంకా లాగితే అన్నీ గళ్లుగళ్లుగా విడిపోయాయి. దారమో, ఎండుటాకు ముక్కో, ఎండ పడిన మెరుపో. ఒకసారి చూస్తే మనదే అనిపించేది. మరోసారి చూస్తే కాదు, నేనే అలా చూస్తున్నాను అనిపించేది.

బుట్ట ఇచ్చిన మిత్రుడికి ఆయన ఫోన్ చేశాడు. అతను ఒక్కటే మాట అన్నాడట. మాట్లాడకుండా గ్రూపులోంచి బయటికి రా, సర్కారు నౌకరీల ఉండి కేసు నెత్తికెత్తుకుంటవా అని. ఫోన్ పెట్టేశాక మా ఆయన నన్ను చూడలేదు. కుళాయి కట్టి ఉన్నా మళ్లీ కట్టాడు.

మధ్యాహ్నమంతా నేను ఫోన్‌లో నియమాలు వెతికాను. డిగ్రీ చదివాను, పెళ్లికి ముందు రెండేళ్లు పిల్లలకు సైన్సు చెప్పాను. అయినా ఏమీ తేలలేదు. మడ అడవిలో ఏదీ పట్టకూడదని ఒకచోట. చిన్న పీతలు, గుడ్లున్న పీతలు పట్టకూడదని ఇంకోచోట. పడవలను కొన్ని నెలలు ఆపుతారని మరోచోట. సరదాకు గాలం వేసేవాళ్లు ఒక బుట్ట పెట్టి మరిచిపోతే ఏమవుతుందో ఎక్కడా లేదు. నీటికుక్కను చంపితే మాత్రం పెద్ద నేరమని అన్నిచోట్లా ఉంది. మేము చంపామా? చంపాలని పెట్టలేదు. బుట్ట పెట్టాం, అది చచ్చింది. ఈ రెండు వాక్యాల మధ్య ఏ మాట రాయాలో నాకు తెలియలేదు.

ఇంకోవైపు ఆ ఊరి మనిషి ఒకామె గుర్తుకొస్తూనే ఉంది. బురదలో బొరియలు వెతికి ఇనుప కొక్కెంతో పీతలు లాగే మనిషి. మేమున్న మొదటి రోజు బాబు మోకాళ్ల దాకా కూరుకుపోతే ఎత్తి గట్టు మీద కూర్చోబెట్టింది. సీసాలో తాగడానికి తెచ్చుకున్న నీళ్లన్నీ పోసి వాడి కాళ్లు కడిగింది. వద్దు, మీకు నీళ్లుండవు అన్నాను. "ఉప్పు బురదమ్మా, ఆరితే మండుద్ది. ఏడుస్తాడు" అని మళ్లీ పనిలోకి దిగింది. ఆమె పేరు కూడా అడగలేదు. ఇప్పుడు నాలుగు రోజులుగా ఆమె గట్టు మీదే ఉంది. మేము నోరు విప్పేదాకా అక్కడే ఉంటుంది. ఒకవేళ బుట్ట మాది కాకపోతే, కానిదాన్ని మాదని చెప్పి ఆయన ఉద్యోగం పోగొట్టుకుంటామా?

అన్నాల దగ్గర పాప మళ్లీ అదే ఆట మొదలుపెట్టింది. డాడీ, ఇప్పటికి ఎన్ని? ఆయన పప్పు గిన్నె అందుకున్నాడు. అది తనే ఆలోచించి, బుట్టలో చేప తలకాయలు అయిపోతే మరి ఎండ్రకాయలు ఏం తింటయ్ అని అడిగింది.

"ఇంకో ఎండ్రకాయ వస్తది గద, దాన్ని తింటయ్" అన్నాడు బాబు, అప్పడం విరుస్తూ.

"మరి అది చచ్చిపోతే?"

"దాని వాసనకు ఇంకోటి వస్తది."

మా ఆయన చేయి కంచంలో ఆగిపోయింది. నాకూ అప్పుడే అర్థమైంది. మేము బుట్టను వదిలేశాం, అది పని మానలేదు. మేమిక్కడ నాంపల్లిలో తింటూ, నిద్రపోతూ, స్కూలు డబ్బాలు కడుతూ ఉన్న రోజులన్నీ అది అక్కడ ఒకదాన్ని ఎరగా చూపి ఇంకొకదాన్ని పిలుస్తూనే ఉంది. పీతల కోసం నీటికుక్క పిల్ల వచ్చింది. రేపు ఇంకేదో వచ్చేది. ఎవరో చూసి తీశారు కాబట్టి ఆగింది. మా పిల్లలు నవ్వుతూ లెక్కపెట్టింది దీన్ని.

పిల్లలు పడుకున్నాక ఆయనే మాట తీశాడు. తనకూ అది మన బుట్టే అనిపిస్తోందన్నాడు. పొద్దున మాస్టారుకు ఫోన్ చేస్తానన్నాడు. నౌకరీ సంగతి అడిగాను. ఏమో అన్నాడు. "పిల్లలకు మాత్రం చెప్పకు. బుట్ట పోయిందందాం. గా పిల్ల నీటికుక్కల బొమ్మలు గీసుకుంట తిరుగుతున్నది" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చింది కూడా. దానికి తొమ్మిదేళ్లు. నేను చెప్పకపోతే దానికెప్పటికీ తెలియదు. చెబితే, ముడి వేసింది తానేనని ఎన్నేళ్లు మోస్తుందో. చెప్పకపోతే, అన్నాల దగ్గర ఆ లెక్క రేపూ అడుగుతుంది, నేను ఏదో ఒక అంకె చెప్పాలి. ఏది దాన్ని కాపాడటమో, ఏది నన్ను నేను కాపాడుకోవడమో వేరు చేయలేకపోయాను. ఇది రాస్తున్న ఇప్పటికీ ఆ రెండూ నాకు విడిగా కనపడటం లేదు.

ఈ పొద్దున పాప జడల కోసం నా ముందు కూర్చుంది. కొత్త రిబ్బన్ల జత తీద్దామని నేను అలమర తెరిచేలోగా, నిన్న నేను బయటే మరిచిన ఒంటి రిబ్బను దాని చేతికందింది. మమ్మీ, దీని జత ఏట్లనే ఉంది కదా అంది. మా ఆయన తలుపు దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. వద్దన్నట్టు తల ఊపాడు. నేను దువ్వెన పక్కన పెట్టి బాబును కూడా పిలిచాను.

"నీ రిబ్బను దొరికిందిరా. మన బుట్ట నీళ్లల్లనే ఉండిపోయింది గద. అండ్ల ఒక నీటికుక్క పిల్ల ఇరుక్కొని చచ్చిపోయింది. మనం చూసినవాట్లదే కావచ్చు."

బాబు అక్క మొహం చూశాడు. పాప రిబ్బనును వేలికి చుట్టుకుంది, విప్పింది.

"నేను కట్టినందుకా?"

"కాదు. కట్టమన్నది నేను. పెట్టి వదిలేసి వచ్చింది మేమిద్దరం. నువ్వు కట్టినవు గాబట్టి అది మనదని తెలిసింది. మనదని చెప్పకుంటే నీ తమ్ముని కాళ్లు కడిగిన ఆంటీని ఏట్లకు దిగనియ్యరు. అందుకే డాడీ ఇప్పుడు ఫోన్ చేసి చెప్తరు. మీరు గీడనే కూసొని వినుండ్రి. తర్వాత ఏమైతదో నాకు తెల్వదు. డాడీకీ తెల్వదు."