గాయం మానడానికి చీకటి

తమిళ నెల ఆవణి, శుక్రవారం సాయంత్రం. ధర్మపురిలో మా ఇల్లు. ఉన్నవాళ్ళు: నేను, నా భార్య, మారండహళ్ళి నుంచి వచ్చిన మా అక్క, హోసూరు కాలేజీలో జీవశాస్త్రం చెప్పే మా అమ్మాయి.

నా భార్యకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యి వారాలు గడిచినా గాయం ఒక మూల మానలేదు. అది మానితే తప్ప రేడియేషన్ మొదలుపెట్టలేమని డాక్టరు ఆ రోజు మళ్ళీ తిప్పి పంపాడు. బస్సు దిగి అలిసిపోయి ఇల్లు చేరాం.

అన్నాలయ్యాక అమ్మాయి మంచం పక్కన కూర్చుంది. "రాత్రిళ్ళు నిద్ర పడుతోందా అమ్మా?"

"యాడ నిద్ర? మీ అత్త ట్యూబ్‌లైటు ఆర్పనిస్తే కదా," అన్నది నా భార్య.

మా వాళ్ళలో రోగి ఉన్న గదిని చీకటిగా ఉంచరు, చీకట్లో ప్రాణం పోతుందని భయం. అక్క వచ్చినప్పటినుంచి ఆ లైటు తెల్లవార్లూ వెలుగుతూనే ఉంది. ఆ వెలుగు పడలేక నేను ముందుగదిలో పడుకుంటున్నాను.

అమ్మాయి విడమరచి చెప్పింది. ఒంట్లో ప్రతి కణంలోనూ గడియారం లాంటి జన్యువులుంటాయట. కొత్త కణాలు ఎప్పుడు పుట్టాలి, చెడినదాన్ని ఎప్పుడు బాగుచేసుకోవాలి అనే పనిలో వాటికీ పాత్ర ఉందట. కంట్లో పడే వెలుతురును బట్టి అవి పగలూ రాత్రీ సరిచూసుకుంటాయి. ఆ వరస తప్పితే గాయం మానడం నెమ్మదించవచ్చు, పెరగడం ఆపాల్సిన కణాలు ఆగకపోవచ్చు. క్యాన్సర్ కణాల్లో చాలాసార్లు ఆ గడియారమే దెబ్బతిని ఉంటుందట.

"లైటు వల్లే జబ్బు వచ్చిందని నేననను. ఆర్పితే మానిపోతుందనీ అనను. చీకట్లో నిద్రపోతే ఒంటికి మేలు, అంతే," అన్నది.

అక్క వక్క నములుతూ వింది. "మా అమ్మ పోయిన రాత్రి కరెంటు లేదు పాపా. నీ చదువులో అది ఉందా?"

"అవ్వకు అప్పటికే తొంభై దాటింది కదత్తా."

"తొంభై అయితే చీకట్లో పోవాల్నా?"

అమ్మాయి నావైపు చూసింది. నేను ఖాళీ గ్లాసు తీసుకుని లేచాను. చివరికి నా భార్యే అన్నది: "ఆర్పు వదినా. పోయేదాన్నయితే నీ లైటు పట్టి ఆపుతుందా?"

అక్క లేచి స్విచ్చి నొక్కి బయటికి పోయింది.

మరునాడు పొద్దున కాఫీ తీసుకుపోతే నా భార్య కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "రాత్రంతా మీ అక్క టార్చి నా మొహం మీదే," అన్నది.

అక్క తలుపు దగ్గరే ఉంది. "ఊపిరి ఆడతా ఉందో లేదో చూడకుండా నేనెట్లా పండుకునేది?"

అమ్మాయి తల పట్టుకుంది. నా భార్య కాఫీ పక్కన పెట్టింది. "ఈ రాత్రి నా పక్కనే చాప వేసుకో వదినా. చెయ్యి పెట్టి చూసుకో. టార్చి మాత్రం వద్దు."

అక్క పోయి చాప తెచ్చి, ఇంకా ఎండైనా ఎక్కకముందే, మంచం పక్కన పరిచింది.