మూడో గేరు పడాల్సిన చోటు

చూపు పోయాక మా మరిది కారు మానేశాడని సంతాప సభకు వచ్చిన ఇరుగుపొరుగువారిలో, మీలోనే ఒకరు అన్నారు. కంటతడితో అన్నారు కాబట్టి అక్కడ ఊరుకున్నాను. మానలేదు. నడపడం నాకు అప్పగించి, వినడం తన దగ్గర ఉంచుకున్నాడు. పోయిన నెల ఒక పొద్దున, ఉప్మాలో జీడిపప్పు తగ్గిందని నా తోటికోడలితో గొడవపడి, చేయి కడుక్కుని, కుర్చీలో కూర్చుని అలాగే వెళ్లిపోయిన మనిషి గురించి ఆ ఒక్క ముక్కయినా సరిగా ఉండాలి.

హనుమకొండలో స్పేర్ పార్టుల దుకాణం నడిపినన్నాళ్లూ పాత స్కూటర్ మీదే తిరిగాడు. దుకాణం కొడుక్కి అప్పగించాక, హైదరాబాద్‌లో ఎవరో వాడి వదిలేసిన ఎర్రటి స్పోర్ట్స్ కారు తెచ్చాడు. రెండే తలుపులు. వెనక సీటు ఉందంటే ఉంది. మిగతా కార్లు ఎక్కుతాం, దీంట్లోకి దిగాలి, పీట మీద కూర్చున్నట్టు. నా మోకాళ్లు ఆ కారును ఇప్పటికీ క్షమించలేదు.

స్టీరింగ్ వెనక చెరో పక్కన చిన్న రెక్కలుంటాయి. కుడిది లాగితే గేరు పెరుగుతుంది, ఎడమది లాగితే తగ్గుతుంది. క్లచ్ లేదు. వాహన పూజ నాడు తోటికోడలు భక్తిగా స్టీరింగ్‌కు పసుపు దారం చుట్టి, తెలియక ఎడమ రెక్కను కూడా కలిపి గట్టిగా ముడేసింది. మరిది చూశాడు, హారతి కళ్లకద్దుకున్నాడు. పూజ దారం కోయకూడదు, దానంతట అదే తెగాలన్నది మా ఇంటి పట్టింపు.

"మరి గేరెట్ల తగ్గిస్తవయ్యా?" అని చాటుగా అడిగాను.

"వేగం తగ్గితే అదే తగ్గించుకుంటది, వదినె. పెరగాలన్నప్పుడే మనం చెప్పాలె. నువ్వు జర గప్‌చుప్ ఉండు. తెలిస్తే ఆమె ఫికర్ జేస్తది."

తర్వాత షుగర్ కళ్లలోకి దిగింది. దవాఖానలో ఇక చూపు రాదన్నారు. ఆటోలో ఇంటికి వస్తూ ఆయన నన్ను అడిగింది ఒక్కటే. "ఇగ కారు నువ్వు నడుపు, వదినె. గేరు రెండు నుంచి మూడుకు మంచి జాగల మారితే ఎట్లుంటదో, నేను చెప్పకుండ, ఒక్కసారి వినాలె."

నాకు డ్రైవింగ్ వచ్చు. పెట్రోలు మిగిల్చే డ్రైవింగ్ వచ్చు. ఇంజను గొంతు సవరించుకోకముందే పై గేరు వేసేస్తాను. ములుగు రోడ్డు మీద ఆయన పక్కన కళ్లు మూసుకుని కూర్చునేవాడు.

"ఇప్పుడే కాదు. దాన్ని మాట్లాడనియ్యి."

"అది మాట్లాడ్తలేదయ్యా, మొత్తుకుంటాంది."

"నువ్వు క్లాసుల గట్లనే మొత్తుకునేదానివి. పిల్లలు పాస్ కాలేదా?"

ఒకసారి మెచ్చుకుంటాడని మీటరులో ఎర్రగీత దాకా పట్టి ఉంచాను. మెచ్చుకోలేదు. "గీత దాకా పోవుడు గొప్ప కాదు, వదినె. గొంతు బలంగ పెరిగి, ఇగ సన్నబడతది అన్నప్పుడు లాగాలె. మీటర్ చూడకు, విను." విన్నాను. ఒకసారి ముందే లాగేశాను, ఒకసారి ఆలస్యంగా లాగాను. సరైన చోటు మాత్రం చిక్కలేదు. ఆయన విసుక్కోలేదు. అదే నాకు ఎక్కువ బాధగా ఉండేది.

ఒక మధ్యాహ్నం తోటికోడలు కూడా వచ్చింది. ముందు పత్తి లారీ మెల్లగా పోతోందని చెప్పాను. దాన్ని ఒక్క ఊపున దాటాలంటే, కారు తనంతట తగ్గించుకునేదాకా ఆగకుండా మనమే గేరు తగ్గించాలి. "ఎడమది..." అని నోరు జారి, మరిది ఆగిపోయాడు. వెనక సీట్లోంచి ఆమె ముందుకు వంగి చూసింది.

"ఆ దారం అడ్డమొస్తాందా?"

నేను చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాను.

"అక్కా, బండి ఆపు."

ఆపాను. "గిన్నొద్దులు చెప్పలేదేంది?" అని ఆయన్ని అడిగింది.

"చెప్తే విప్పుతవని."

"కట్టింది నేనే, నేనే విప్పితే ఏమైతది?" అంటూ ఆమె గోళ్లతో, పళ్లతో ఆ ముడి విప్పింది. అదే దారం ఆయన మణికట్టుకు కట్టింది.

మళ్లీ లారీని అందుకున్నాం. ఎదురుగా రోడ్డు ఖాళీ. ఎడమ రెక్క లాగాను. ఆ కారు గొంతు అంత లోతు నుంచి లేవడం నేనెప్పుడూ వినలేదు. లారీ పక్క నుంచి వెనక్కి జారిపోయింది. గొంతు పెరిగింది, ఇంకా పెరిగింది. కుడిది లాగాను. మూడో గేరు పడింది. ఏమంటాడోనని చూశాను. చేయి వెనక్కి చాచి భార్య వేళ్లు పట్టుకుని ఉన్నాడు. వాటిని వదలకుండానే "ఆఁ" అన్నాడు. కాలేజీలో నేను కూడా అంత పొదుపుగా మార్కులు వేయలేదు.

కారు అమ్ముతారా అని చాలామంది అడుగుతున్నారు. అమ్మం. వచ్చే ఆదివారం పొద్దున తోటికోడలూ నేనూ ములుగు రోడ్డుకు వెళ్తున్నాం. అప్పుడే బయటికా అనేవాళ్లు నాతో మాట్లాడండి, ఆమెతో కాదు. గాలి పంపు ఉన్న ఇరుగుపొరుగువారు ఎవరైనా శనివారం వచ్చి నాలుగు టైర్లూ చూసి పెట్టండి. బండి నడవకముందే, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. తాళం వంటింటి గూట్లో ఉంది. ఎడమ సీటు ఆయన వాల్చుకున్నట్టే వెనక్కి వాలి ఉంటుంది. దాన్ని లేపకండి. తోటికోడలు అందులో అలాగే కూర్చుంటుందట.