పెరుగన్నానికి కార్కేజీ

కిందటి శనివారం మా ఆయన ఉద్యోగ విరమణ సందర్భంగా మా అమ్మాయి మమ్మల్నిద్దరినీ సిడ్నీ హార్బరు ఒడ్డున ఒక పెద్ద రెస్టారెంటుకి భోజనానికి తీసుకువెళ్లింది. అంతకు రెండు రోజుల ముందు ఫోను చేసి, "అమ్మా, ప్లీజ్, ఈ ఒక్కసారికీ డబ్బా తేకు. వాళ్లు బయటి ఫుడ్ అలౌ చెయ్యరు" అని మరీ మరీ చెప్పింది. నేను సరేనన్నాను. ముప్పయ్యేళ్లలో ఆ మాటకి నేను సరేననడం అదే మొదటిసారి కాబట్టి నమ్మకం కుదరక, నిజంగానా అని అది రెండుసార్లు అడిగింది. ఆ పెరుగన్నం డబ్బా కథ తెలిసినవాళ్లం ఇప్పుడు మేం ముగ్గురమే మిగిలాం. మా ఆయన ఎవరికైనా చెబితే తన పరువు పోయిన సగం వదిలేసి చెబుతారు. అందుకని, నాలాగే సూట్‌కేసులో చీరల మధ్య ప్రెషర్ కుక్కరు దాచుకుని ఈ దేశంలో దిగిన నా ఈడువాళ్ల కోసం, ఆ కథ పూర్తిగా నేనే రాయాలి.

మేం తెనాలి నుంచి వచ్చిన కొత్తలో వెస్ట్‌మీడ్‌లో ఒక పాత ఎర్ర ఇటుకల మేడలో రెండో అంతస్తులో ఉండేవాళ్లం. మా అమ్మాయికి అప్పటికి రెండేళ్లు. ఆ రోజుల్లో ఇండియన్ రెస్టారెంటు అంటే నానూ, బటర్ చికెనూ, పనీరూ, అంతే. అన్నం అడిగితే పిల్లికి పెట్టినట్టు చిన్న గిన్నెలో తెచ్చి పెట్టి, ఇంకొంచెం కావాలంటే ఎగాదిగా చూసేవాళ్లు. పప్పూ, పచ్చడీ, పులుసూ ఎరగని ఆ చోట్లలో మనందరికీ కలిపి ఒకటే పేరు, మద్రాసీ. తెనాలి వాళ్లమని చెబితే అది మద్రాసులో ఏ పక్కన ఉందని అడిగేవాళ్లు.

మా కింది వాటాలో ఫిజీ నుంచి వచ్చిన ఒక ఆంటీ ఉండేది. ఎనభై ఏడులో అక్కడ గొడవలయ్యాక కుటుంబంతో సహా ఇక్కడికి వచ్చేసింది. ఆవిడ ముత్తాతలు చెరకు తోటల్లో పనికని విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వెళ్లినవాళ్లట. ఈ దేశపు ఆచారాలు నాకు నేర్పింది ఆవిడే. ఇక్కడ బార్బీకి, అంటే ఆరుబయట మాంసం కాల్చుకునే విందుకి పిలిచినా, పార్టీకి పిలిచినా ఎవరికి కావలసింది వాళ్లే తెచ్చుకుంటారని, అందులో నామోషీ ఏమీ లేదని చెప్పింది. ఆ మాట నా బుర్రలో గట్టిగా నాటుకుంది.

మా ఆయన ఉద్యోగం పర్మనెంటయిన నెలలో, మొట్టమొదటిసారిగా బయట భోజనం చేద్దామని, పెద్ద రోడ్డు మీద ఉన్న ఒక పంజాబీ రెస్టారెంటుకి వెళ్లాలని నిర్ణయించుకున్నాం. దాని గుమ్మం పక్క బోర్డు మీద బీవైఓ అని మూడు అక్షరాలు ఉన్నాయి. అంటే ఏమిటో కనుక్కుందామని మా ఆయన ఫోను చేస్తే, బ్రింగ్ యువర్ ఓన్, మీది మీరు తెచ్చుకోవచ్చు అన్నారట. ఎవరికి కావలసింది వాళ్లు తెచ్చుకోండని బోర్డు పెట్టి మరీ పిలుస్తున్నారంటే ఇదెంత మర్యాదస్తుల దేశమో అని నేను పొంగిపోయాను. మందు అన్న ఊహ మా ఇద్దరిలో ఎవరికీ రాలేదు. కంప్యూటర్లతో కుస్తీ పట్టే మనిషికే రాకపోతే నాకెలా వస్తుంది?

ఆ పొద్దున్నే లేచి, మెత్తగా వండిన అన్నంలో పాలు పోసి, తోడు తగినంత కలిపి, అల్లం, పచ్చిమిరప, ఇంగువ వేసి, దొరికిన ఎండు కరివేపాకుతోనే తాలింపు పెట్టి, మా అమ్మ పెట్టిన స్టీలు డబ్బాలో సర్దాను. మూత మీద నా పేరు తెలుగులో కొట్టించి ఉన్న డబ్బా అది. పక్కన చిన్న సీసాలో ఆవకాయ. వాళ్లు పెట్టేది వాళ్లు పెడతారు, చివర పెరుగన్నం మనది మనం తింటాం, భోజనం భోజనంలా ముగుస్తుంది అని నా లెక్క.

కూర్చోగానే రెండు గాజు గ్లాసులూ, సీసా మూతలు తీసే మరమేకూ తెచ్చి పెట్టారు. ఇవెందుకో అనుకుంటూనే కూరలూ నాన్లూ తినేసి, నేను సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాను. పక్క బల్ల వాళ్లు చూశారు, ఆ పక్కవాళ్లకి చూపించారు, నవ్వులు మొదలయ్యాయి. గుబురు మీసాల యజమాని స్వయంగా వచ్చి, "మేడమ్, బీవైఓ మత్‌లబ్ వైన్. ఖానా నహీ" అన్నాడు, తెచ్చుకోవాల్సింది వైన్, తిండి కాదని. మా ఆయనకి తల కొట్టేసినంత పనైంది. పాప నోట్లో నాను ముక్క కుక్కుతూ, నా వైపు చూడకుండా, "పోనీలేవే, సంచిలో పెట్టెయ్యి" అన్నారు.

నిజం చెప్పాలంటే నేను పెట్టేయబోయాను. కానీ వెనక బల్ల మీద ఎవరో మద్రాసీ అన్న మాట చెవిన పడింది. అంతే, నాకెక్కడలేని రోషమూ వచ్చింది. మీ బోర్డు మీద వైన్ అని ఎక్కడ రాశారో చూపించమని నా తెనాలి ఇంగ్లీషులో అడిగాను. ఆయన తడబడి, అలాగైతే కార్కేజీ పడుతుందన్నాడు, భయపడి ఊరుకుంటానని. కార్కేజీ అంటే ఏమిటన్నాను. బయటినుంచి తెచ్చిన సీసా మూత తీసి పెట్టినందుకు తీసుకునే సొమ్మన్నాడు. సరే, వేసుకోండి, అయితే ఈ మూత మీరే తియ్యండి అని డబ్బా ఆయన ముందుకి జరిపాను.

మధ్యాహ్నమంతా ఎండలో కారులో ఉండి లోపల పులిసి పొంగిందేమో, ఆ మూత ఒక పట్టాన రాలేదు. ఆయన చేత్తో లాగాడు, తువ్వాలు వేసి తిప్పాడు, చివరికి పొట్టకి ఆనించుకుని రెండు చేతులా పీకితే ఠప్పుమని ఊడి వచ్చి, ఇంగువ తాలింపు వాసన ఆ హాలంతా కమ్ముకుంది. అప్పుడు ఎవరూ నవ్వలేదు. నేను చేత్తో కలుపుకుని, ఆవకాయ నంజుకుంటూ, ఆఖరి మెతుకు దాకా తిన్నాను. మా ఆయన ఒక్క ముద్దయినా ముట్టలేదు. బిల్లులో కార్కేజీ ఒకటి అని రాసి ఇచ్చారు.

అంత పౌరుషమూ అక్కడే. ఇంటికొచ్చాక ఏడుపు ఆగలేదు. మర్నాడు బట్టలు ఉతికే గదిలో ఫిజీ ఆంటీకి చెబితే ఆవిడ నవ్వలేదు. వాళ్లమ్మ చిన్నప్పుడు బళ్లో తెలుగు మాట్లాడితే తక్కిన పిల్లలు వెక్కిరించేవాళ్లట. ఒకరోజు ఆ పిల్ల ఇక మాట్లాడకూడదనుకుని మానేసిందట. ఆంటీ దాకా చేరింది నాలుగే నాలుగు తెలుగు మాటలు: బువ్వ, ఉప్పు, పులుసు, అత్త. నవ్వినవాళ్లు మర్నాటికి మరిచిపోతారు, మానేసినవాళ్లకి మాత్రం మళ్లీ రాదు అని తన హిందీలో అన్నది. ఆ తరువాత మా ఇంటికి వచ్చి పెరుగన్నం కలిపించి పెట్టించుకుని, చేత్తో తింటూ దానికి పెరుగుబువ్వ అని పేరు పెట్టింది. మా అమ్మాయికి ఆ మాటే అలవాటైంది.

ఆ రోజు నుంచి నేను డబ్బా లేకుండా గడప దాటలేదు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు, మొండిది ఆ మొండివాడికంటే ఒక మెట్టు పైనే. బ్లూ మౌంటెన్స్‌లో మంచు చూస్తూ తిన్నాం, కాన్‌బెర్రాలో పూలు చూస్తూ తిన్నాం. క్రిస్మస్ సెలవుల్లో గోల్డ్‌కోస్టు దాకా కారులో వెళ్లి, మోటెల్ గదిలో రైస్ కుక్కరు పెట్టి, కిటికీలన్నీ తెరిచి తాలింపు వేశాను. అందరూ మాంసం కాల్చుకునే పార్కు పొయ్యి మీద మా పెనం పెట్టి పెసరట్లు పోస్తే, నడకకి వచ్చిన ఒక తెల్ల ముసలాయన రెండు తిని మూడోది అడిగాడు. బీచిలో అందరి చిప్సూ ఎత్తుకుపోయే సీగల్ పక్షి ఒకటి మా ఆవకాయ బద్ద ఎత్తుకుపోయింది, మళ్లీ మా ఛాయలకి రాలేదు. నెలకోసారి హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్లినప్పుడు మాత్రం, వేంకటేశ్వరస్వామి దర్శనమయ్యాక అక్కడి క్యాంటీన్‌లోనే పులిహోరా, దద్ధ్యోదనమూ దొరికేవి కాబట్టి డబ్బాకి ఆ ఒక్క రోజే సెలవు.

ఇంతవరకూ గర్వంగానే చెప్పాను. ఇక చెప్పేది అంత సులువు కాదు.

మా అమ్మాయి పద్నాలుగో పుట్టినరోజుకి బళ్లో స్నేహితురాళ్లు అయిదుగురిని పిలిచి ఒక ఇటాలియన్ రెస్టారెంటుకి వెళ్లాం. డబ్బా తేనని మాటివ్వమని అది నన్ను ముందే అడిగింది. నేను ఇవ్వలేదు, ఇవ్వననీ అనలేదు. ఆ రోజు పాస్తా బాగుంది, నా కడుపు నిండింది, ఎవరూ నన్ను మద్రాసీ అనలేదు, ఆ పిల్లలు ఎంతో మర్యాదగా ఉన్నారు. అయినా చివర్లో డబ్బా తీశాను. ఒక పిల్ల ఇదేమిటని నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. మా అమ్మాయి ముఖం కందిపోయి, పళ్లెంలోకి చూస్తూ కూర్చుంది. తిరిగి వచ్చేటప్పుడు కారులో, "యూ డిడ్ ఇట్ ఆన్ పర్పస్, మమ్" అన్నది. అప్పటిదాకా నన్ను అమ్మా అనే పిలిచేది.

కావాలనే చేశాను. ఆకలితో కాదు, అలవాటుతోనూ కాదు. ఫిజీ ఆంటీ తల్లిలా నా కూతురు కూడా సిగ్గుపడి మానేస్తుందేమోనన్న భయంతో, ఆ సిగ్గుని ముందే చంపేయాలనుకున్నాను. అది చావకపోగా, పిల్లే దూరమైంది. ఆ తరువాత యూనివర్సిటీకి వెళ్లేదాకా, నాలుగేళ్లు, అది మాతో బయట భోజనానికి రాలేదు. సెలవుల్లో మాతో ఊళ్లకి వచ్చినా మేం తినేవేళ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కారులోనే కూర్చునేది. ఒక్క రోజు మానేస్తే ఏం పోతుందని మా ఆయన అడిగేవారు. ఏం పోతుందో నాకు తెలుసు. మానకపోతే ఏం పోయిందో కూడా ఆ ఏళ్ల ఫోటోల్లో తెలుస్తూనే ఉంది, వాటిలో మేమిద్దరమే ఉంటాం. అయినా నేను డబ్బా దించలేదు. తప్పా ఒప్పా అని ఈ వయసులో ఎవరికీ సంజాయిషీ ఇవ్వను, కానీ బాధపడలేదని మాత్రం అనను.

మొన్న శనివారం మాటిచ్చినట్టే ఒట్టి చేతులతో వెళ్లాను. సంచి తేలికగా ఉండి, ఏదో మరిచిపోయినట్టు దారంతా తడుముకున్నాను. అక్కడ ఒకదాని తరువాత ఒకటి బొటనవేలంత పదార్థాలు తెస్తూ, అయిదోసారి నల్లరాతి గిన్నెలో మూడు చెంచాల పెరుగన్నం తెచ్చి పెట్టారు, పైన దానిమ్మ గింజలూ, ఏదో గడ్డీ. దక్షిణ భారతదేశపు అమ్మమ్మలు దీన్ని ఇలా చేస్తారు అని వడ్డించే అమ్మాయి నాకు వివరించింది. నవ్విన నాపచేనే పండుతుందంటే ఇదే కాబోలనుకుని నోట్లో పెట్టుకున్నాను. తియ్యగా ఉంది, ఉప్పు లేదు. మాటిచ్చాను కదా అని రెండో చెంచా కూడా మింగాను.

అప్పుడు మా అమ్మాయి తన లాప్‌టాప్ సంచిలోంచి నా డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. నా వంటింటి అలమరలోంచి ఎప్పుడు ఎత్తుకెళ్లిందో నాకు తెలియదు. మేనేజరమ్మ గబగబా వచ్చి, సారీ, బయటి ఆహారం ఇక్కడ అనుమతించం అన్నది. చుట్టుపక్కల బల్లలవాళ్లు తలలు తిప్పారు. ఎక్కడ చూడాలో తెలియక ఆ రాతి గిన్నెలోకి చూస్తూ, "పోనీలేవే, సంచిలో పెట్టెయ్యి" అన్నాను.

అన్న తరువాత ఆ మాట ఎవరిదో నాకు తెలిసింది. మా ఆయన నా వైపు చూశారు. పద్నాలుగేళ్ల పిల్ల పళ్లెంలోకి ఎందుకు చూస్తూ కూర్చుందో కూడా ఇన్నేళ్లకి తెలిసింది.

మా అమ్మాయి మాత్రం తొణకలేదు. కార్కేజీ కడతామన్నది. అది వైన్‌కి కదా అని ఆవిడంటే, వైన్‌కి మాత్రమే అని మీరెక్కడ రాశారని అడిగింది. తల్లి చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? ఆవిడ లోపలికి వెళ్లి ఎవరితోనో మాట్లాడి, నవ్వు ఆపుకుంటూ తిరిగి వచ్చి, ఈ ఒక్కసారికీ పరవాలేదన్నది. "థాంక్స్. అయితే మూత మీరే తియ్యాలి" అని డబ్బా ఆవిడ ముందుకి జరిపింది మా అమ్మాయి. మూత వచ్చాక ఆవిడ లోపలికి తొంగి చూసి, దీన్ని ఏమంటారని అడిగింది. "పెరుగుబువ్వ" అన్నది మా అమ్మాయి. అర్థం చెప్పలేదు.

అన్నం పలుకుగా ఉంది, పెరుగు దుకాణంలో కొన్నది, ఆవాలు మాడాయి. ఉప్పు మాత్రం సరిగ్గా సరిపోయింది. ఈసారి మా ఆయన కూడా చేత్తో కలుపుకుని తిన్నారు.

ఆ పంజాబీ రెస్టారెంటు ఉన్నచోట ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారు. ఫిజీ ఆంటీ పోయి చాలాకాలమైంది. పచ్చి కరివేపాకు ప్రతి కొట్లోనూ దొరుకుతోంది, దోసెల కోసం అన్ని రంగులవాళ్లూ వరసలో నిలబడుతున్నారు, నన్ను చూసి నవ్వేవాళ్లు ఎవరూ లేరు. సంతోషించాల్సిందే, సంతోషిస్తున్నాను కూడా. కానీ ముప్పయ్యేళ్లు పోట్లాడిన మనిషిని, ఎదుట ఎవరూ లేకపోతే చెయ్యి ఎటు విసరాలో తోచడం లేదు.

సోమవారం చూస్తే అలమరలో ఆ చోటు ఖాళీగా ఉంది. డబ్బా మా అమ్మాయి తనతోనే పట్టుకుపోయింది. ఫోను చేసి అడగబోయి ఊరుకున్నాను. అడిగినా ఇస్తుందని నమ్మకం లేదు, నా కూతురే కదా.