యాదమ్మ మోటారుకు ఎంత కరెంటు కాలుతుంది?

మా మన్సూరాబాద్ అపార్ట్‌మెంటులో కొన్నాళ్లుగా సాయంత్రమైతే మెయిన్ ఫ్యూజు పోతోంది. నేరం ఎవరిది? గ్రౌండ్ ఫ్లోర్‌లో బ్లౌజులు కుట్టి బతికే యాదమ్మది! కుట్టుమిషన్‌కు మోటారు పెట్టడమే ఆమె తప్పట. రెండు ఏసీలున్న సెక్రటరీ గారు ఆ మోటారు తీసేయమని హుకుం జారీ చేశారు. లేనోళ్ల మీద నింద వెయ్యడానికి ఫ్యూజు కూడా పనికొస్తుందన్నమాట.

ఇవాళ బంద్, అందరూ ఇళ్లలోనే ఉన్నారు. కరెంటు కొలవడానికి నేను సొంతంగా చేసుకున్న డబ్బా పట్టుకుని అపార్ట్‌మెంటు మీటింగుకు పోయాను. అందరి ముందే కొలిస్తే మోటారు నూట అరవై వాట్లు, ఏసీలు మూడు వేల పైన అని చూపించింది.

"డబ్బా మీదే, అంకెలూ మీవే. ఎలా నమ్మమంటారండీ?" అన్నారు సెక్రటరీ.

"డబ్బాను నడిపే ప్రోగ్రామ్ మొత్తం నెట్‌ల పెట్టిన. ఇంజినీరింగ్ చదివే మీ బిడ్డకే చూపియ్యున్రి" అన్నాను.

ఆ అమ్మాయి అరగంట ప్రోగ్రామ్ చదివి, డబ్బా వైర్లు కూడా చూసి, "అంకుల్, ఇందులో తప్పుంది" అంది. సెక్రటరీ మొహం వెలిగిపోయింది. "చిన్న లోడు తెలియాలని మోటారు వైరును కరెంటు కొలిచే ఈ క్లాంపులో రెండు చుట్లు తిప్పారు, దాంతో అంకె రెండింతలు వస్తుంది. ప్రోగ్రామ్‌లో రెండుతో భాగించడం మర్చిపోయారు. ఆంటీ మోటారు ఎనభై వాట్లే, ఒక ఫ్యానంత" అంది ఆ అమ్మాయి.

"గిదా నా పాపం? ఇగ నేను పోత సారూ, పెండ్లి బ్లౌజులున్నయ్" అని యాదమ్మ లేచింది. మీటింగు ముగియకముందే మిషన్ చప్పుడు మొదలైంది.

ప్రోగ్రామ్ దిద్ది మళ్లీ పెట్టాను. నా తప్పు నలుగురిలో బయటపడితే నేనింత సంబరపడటం ఇదే మొదటిసారి. మీ బిల్డింగులో ఫ్యూజు పోతే ముందు ఎవరి తలుపు కొడుతున్నారు?