బావ గదిలో బంగారు

ఆ రోజుల్లో నాకు చేతిలో పని తక్కువ, బుర్రలో అనుమానం ఎక్కువ. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, కడపలో అక్కావాళ్ళింట్లో ఉంటూ బావ నాపరాళ్ళ పాలిష్ యూనిట్లో ఫోన్లెత్తే పని చేసేవాణ్ణి. ఎవరైనా మంచిగా పలకరిస్తే ఎందుకు పలకరించారా అని, పలకరించకపోతే ఏం దాస్తున్నారా అని ఆలోచించేవాణ్ణి. (ఇది మా ఇంట్లో వంశపారంపర్యం. పాలలో వేలు ముంచి చూస్తే గానీ మా అమ్మ గిన్నె ముందుకు జరపదు.)

ఒకరోజు పొద్దున అక్క దోసె పోస్తూ, నావైపు చూడకుండానే అడిగింది. "రేయ్, మీ బావ ఆఫీసు వెనక గదికి ఎప్పుడూ తాళమేస్తాండాడంట. ఏముండాది దాంట్లో?" శాంపిల్ బండలుంటాయిలే అన్నాను. "బండలతో ఎవురన్నా ముద్దుగా మాట్లాడతారా? నిన్న ఫోన్లో ఎవురికో చెప్తాండాడు. బంగారు వారం నుంచి ఏమీ తినలేదంట, చెయ్యేస్తే మీదికొస్తాందంట." పెనం మీద దోసె మాడుతోంది, ఇద్దరం కదల్లేదు. "నువ్వు చూసి ఉన్నదున్నట్టు చెప్పప్పా. అట్లాంటిదేమన్నా ఉంటే పిల్లను తీసుకోని అమ్మ దగ్గరికి పోతా" అంది అక్క, మాడిన దోసెను గీకి తీస్తూ.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. మూడు రోజులు నిఘా వేశాను. కడప ఎండల్లో మాకేమో గిర్రుగిర్రుమనే పాత ఫ్యాను, ఆ గదికేమో కొత్త కూలరు! ఇంకేం సాక్ష్యం కావాలి? నాలుగో రోజు మధ్యాహ్నం, బావ లారీ దగ్గరికి వెళ్ళగానే, చికెన్ తిన్న చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, ఆయన సొరుగులోని తాళంచెవి తీసుకుని లోపలికి జొరబడ్డాను. మనిషి జాడ లేదు. బల్లమీద పెద్ద గాజుపెట్టె, అందులో కొబ్బరిపొట్టు, మూలన బోర్లించిన మట్టికుండ. ఉత్తరాలో, ఫోటోలో కుండ కిందే దాచి ఉంటాడని పెట్టె మూత జరిపి, పైనుంచి చెయ్యి పెట్టి కుండ కొంచెం ఎత్తాను.

కుండ కింద బుస్సుమంది. ఆ చప్పుడేమిటని ఆలోచించేలోపే బొటనవేలి కింద ఏదో కరిచి పట్టుకుంది. చెయ్యి పైకి తీస్తే దానితోపాటు గోధుమరంగు మచ్చల పాము వేలాడుతూ వచ్చి, మణికట్టుకు చుట్టుకుంది. నేను పెట్టిన కేకకు పాలిష్ మిషన్లు ఆగిపోయాయట.

పరుగెత్తుకొచ్చిన బావ "లాగొద్దురా! లాగితే కండ చీలుతాది, దాని పండ్లు నీ చేతిలోనే ఇరుగుతాయి" అని నా భుజం అదిమిపట్టి, చల్లటి నీళ్ళ బాటిల్ తెచ్చి పాము మూతి మీద పోశాడు. అది మెల్లగా నోరు తెరిచింది. దాని నడుము కింద రెండు చేతులూ పెట్టి జాగ్రత్తగా పెట్టెలోకి చేర్చాకే నావైపు చూశాడు. (ఈ వరస నేను గమనించాను.) కొళాయి కింద సబ్బుతో చాలాసేపు కడిగించి, "బాల్ పైథాన్‌రా ఇది. ఫారిన్ కొండచిలువ. ఇసముండదు. ఫారెస్టోళ్ళ కాగితాలు కూడా ఉండాయి" అన్నాడు.

"ఇసం లేదని కాగితాల్లో రాసిండారా?" అన్నాను ఏడుపు గొంతుతో.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఏ పామని అడిగితే "మా బావదండీ" అన్నాను. ఆమె బావ ఫోన్లో పాము ఫోటో చూసింది, గాయం చూసింది, పంటి ముక్క ఏదైనా మిగిలిందేమోనని వెదికింది, ధనుర్వాతం ఇంజెక్షన్ ఇప్పించింది. అయినా గుర్తుపట్టడంలో పొరపాటు ఉండొచ్చు కాబట్టి సాయంత్రం దాకా కదలొద్దంది. అసలే అనుమానప్పక్షిని, ఇక చూసుకోండి! విషమెక్కి రెప్పలు బరువెక్కుతున్నాయేమోనని నిమిషానికోసారి కళ్ళు పెద్దవి చేసి చూస్తుంటే, పక్కమంచం ముసలాయన భయపడి అటు తిరిగి పడుకున్నాడు.

అంతలో అక్క వచ్చింది. "ఏం కరిచిందిరా?"

"బంగారు" అన్నాను.

అక్క బావను చూసింది. "పామా?"

"పామే."

"ఒట్టు?"

బావ ఫోన్లో ఫోటో చూపించాడు. అక్క మంచం చివర కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో మాకు అర్థం కాలేదు. కొంగు తీసి "ఒక మాట చెప్పింటే ఏం పోయ్యేది?" అంది. "చెప్తే పెంచుకోనిస్తాంటివా?" అన్నాడు బావ. "ఇయ్యను" అంది అక్క, వెంటనే.

బంగారు కుబుసం విడిచిన తర్వాత ఒక ఆదివారం బావ నన్ను మళ్ళీ ఆ గదికి తీసుకెళ్ళాడు. "ఆ పొద్దు కుబుసం ఇడిచే ముందు దానికి కండ్లు మసకలు, నీ చేతికి కోడి వాసన. మెడ మెలిక తిప్పి బుస కొట్టిందంటే చెయ్యి తీసేసెయ్. తిన్నంక రెండు దినాలు తాకొద్దు. పైనుంచి పోతే గద్ద అనుకుంటాది, పక్కనుంచి పో." సబ్బుతో కడుక్కున్న నా చేతుల్లో అది బంతిలా చుట్టుకుని, తలను మధ్యలో దాచుకుంది. దాని బిగువు నా వేళ్ళకు తెలిసింది.

"నన్ను అడిగింటే ఆ పొద్దే చూపిస్తాంటి కదరా" అన్నాడు బావ, కోపం లేకుండా.

ఇప్పుడు కర్నూలులో ఉద్యోగం, సొంత సంసారం. ఎప్పుడైనా చెయ్యి తిప్పి చూసుకుంటే బొటనవేలి కింద ఒక్క మచ్చ కూడా మిగల్లేదు. ఆ వయసులోని నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది. పక్కగదిలో ఉన్న మనిషిని ఒక మాట అడగడానికి మొహమాటపడి, ఆయన సొరుగు తెరవడానికి ఏమాత్రం మొహమాటపడని ఆ కుర్రవాడంటే, ఎందుకో, కొంచెం జాలి కూడా వేస్తుంది.