పామర్రు పిన్ని, మెల్‌బోర్న్ గడియారం

పోయిన సోమవారం ఉదయం సరుకుల డబ్బాలు తుడిచి సర్దుకుంటుంటే పామర్రు నుంచి ఫోన్ వచ్చింది. "వదినా, అత్తయ్య ఇక లేరు. నిద్రలోనే పోయారు," అంది మా పిన్ని కోడలు. ఆ మాట మనసుకి పూర్తిగా పట్టకముందే నేను ఆలోచించింది ఏమిటంటే, మా వాళ్ళలో ఎవరికి ఇప్పుడు తెల్లారింది, ఎవరిని ఇంకాసేపు నిద్రపోనివ్వాలి అని. ఆ ఆలోచన నాకు నేర్పింది పిన్నే. "కబురు ఎంత పెద్దదైనా నిద్రలో ఉన్నవాళ్ళకి చెప్పకూడదే. లేచి మొహం కడుక్కున్నాక చెబితే ఏడవడానికైనా ఓపిక ఉంటుంది," అనేది.

ఆవిడ మా అమ్మకి చెల్లెలు. పామర్రులో బస్సులు ఆగే కూడలికి దగ్గరలో ఇల్లు. గుడివాడ వెళ్ళేవాళ్ళూ, బందరు వచ్చేవాళ్ళూ బస్సు మారే వ్యవధిలో పిన్ని ఇంట్లో మంచినీళ్ళు తాగి, పెళ్ళీడు పిల్లల సంగతి చెప్పి వెళ్ళేవారు. అలా ఎన్ని సంబంధాలు కుదిర్చిందో ఆవిడకే గుర్తు లేదు. ఆ పెళ్ళీడు పిల్లలు ఒక్కొక్కరూ ఒక్కో దేశంలో ఉండటంతో పిన్నికి గడియారాల చదువు తప్పలేదు.

"మావాడు అమెరికాలో ఉంటాడండీ" అని ఎవరైనా గొప్పగా అంటే, "అమెరికా అంటే నాలుగు గడియారాలమ్మా. మీవాడు ఏ గడియారం కింద ఉన్నాడో అది చెప్పు," అనేది. కువైట్ వాళ్ళు మనకన్నా వెనక కాబట్టి వాళ్ళతో మాటలు మన భోజనాలయ్యాక. చైనా అంత దేశానికీ ఒక్కటే గడియారమని తెలిసినప్పుడు, "పడమటి వైపు పిల్లలు పాపం చీకట్లో బడికి వెళ్తారు కాబోలు," అని బాధపడింది. నేపాల్ వాళ్ళు మనకన్నా పావుగంట ముందుంటారని విన్న రోజు మాత్రం చాలాసేపు నవ్వింది. "ఆ పావుగంట కోసం ఎంత పట్టు పట్టి ఉంటారే!"

ఎవరికి ఫోన్ చేసినా ఆవిడ మొదటి మాట ఒకటే. "మీ గోడ గడియారంలో ఎంతయింది?" ఎందుకమ్మా, నీకు తెలుసుగా అంటే, "తెలిసినా అడగాలి. అది మర్యాద," అనేది.

అలాంటి మనిషి ఒక్కసారి లెక్క తప్పింది. అది మా అమ్మాయి పెళ్ళిచూపుల రోజు.

అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఆసుపత్రి ఉద్యోగి. తల్లిదండ్రులది అవనిగడ్డ. వాళ్ళు ఆదివారం పదింటికి బందరులో మా ఇంటికి రావాలి, అదే సమయానికి అబ్బాయి వీడియోలోకి రావాలి. మనకి పది అంటే అక్కడ రెండున్నర అని లెక్క కట్టి, పిన్నే అందరికీ చెప్పింది. అంతకు ముందు ఒక సంబంధం వాళ్ళు, అబ్బాయికి కుదరలేదు, వచ్చే ఆదివారం చూద్దాం అని చెప్పి మళ్ళీ పలకలేదు. అందుకని మా అమ్మాయి ముందే చెప్పేసింది. "అమ్మా, ఫోటో నచ్చింది. మాట కూడా వింటాను. కానీ ఈసారీ అలాగే అయితే ఇంకెప్పుడూ నన్ను చీర కట్టుకుని కూర్చోమనొద్దు."

పది దాటింది. పది నిమిషాలు, పావుగంట. అబ్బాయి రాలేదు. పెద్దమనిషి తరహాగా కూర్చున్న మా బావగారు గొంతు సవరించుకోవడం మొదలుపెట్టారు. అబ్బాయి తల్లి కంగారుగా సంచిలోంచి ఫోన్ తీసింది. కారులో వస్తూ వినపడలేదట, తొమ్మిది దాటాక కొడుకు చేసిన కాల్స్ వరసగా ఉన్నాయి. కింద ఒక మెసేజ్. పిన్ని తీసుకుని పైకి చదివింది. "అమ్మా, చాలాసేపు చూశాను. ఎవరూ రాలేదు. వాళ్ళకి ఇష్టం లేదేమో. డ్యూటీకి వెళ్తున్నాను. రాత్రి పదికి అయిపోతుంది."

"ఎవరూ రాకపోవడమేంటి? పదే కాలేదుగా అప్పటికి!" అన్నారు బావగారు.

పిన్ని వెంటనే తాను పెళ్ళి కుదిర్చి మెల్‌బోర్న్ పంపిన ఒక అమ్మాయికి ఫోన్ కలిపింది. "అమ్మాయ్, మీ గోడ గడియారంలో ఎంతయింది?"

"మూడున్నర దాటిందండీ. ఇవాళేగా గంట ముందుకు తిప్పుకున్నాం. ఎండాకాలం వస్తోంది కదా ఇక్కడ!"

పిన్ని ఫోన్ పెట్టేసి అందరి వైపూ తిరిగింది. "తప్పు నాదే. ఏటా తిప్పుతారని తెలుసు. ఇవాళ తిప్పుతారని చూసుకోలేదు. మనకి తొమ్మిదికే వాళ్ళకి రెండున్నర అయిపోయింది. పాపం ఆ అబ్బాయి వచ్చి కూర్చున్నాడు. మనమే లేము."

గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ అది కాసేపే. అబ్బాయి డ్యూటీ దిగాక మాట్లాడదామంటే, అక్కడ రాత్రి పది అంటే మనకి సాయంత్రం నాలుగున్నర. ఆదివారం రాహుకాలం సరిగ్గా అప్పుడే మొదలు.

"రాహుకాలంలో వద్దండీ," అంది అబ్బాయి తల్లి. "వచ్చే ఆదివారం చూద్దాం."

ఆ మాట వినగానే మా అమ్మాయి జడలో పూలు తీసేయడానికి చెయ్యి పైకెత్తింది. పిన్ని ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"చూడండమ్మా, అబ్బాయికి అప్పటికి రాహుకాలం ఎప్పుడో దాటిపోతుంది. అక్కడ పొద్దు కూడా గూకిపోతుంది."

"అమ్మాయికి ఉందిగా పిన్నిగారూ!"

"మీరు ఊరెళ్ళాలంటే, మంచి వేళ దొరక్కపోతే ఏం చేస్తారు? ముందే సంచీ తీసుకెళ్ళి పక్కింట్లో పెట్టి ప్రస్థానం అయిందనుకోరూ? ఆ తరవాత ఎప్పుడు బయల్దేరినా దోషం లేదు. అవునా, కాదా?"

"అవుననుకోండి..."

"అయితే మాట కూడా అంతే. ముందే మొదలెడితే సరి." మా అమ్మాయి వైపు తిరిగింది. "అమ్మడూ, నాలుగు కొట్టకముందే అబ్బాయికి ఓ మెసేజ్ పెట్టు."

"ఏమని పెట్టను అమ్మమ్మా?"

"నీ సంచీలో ఏముందో నాకేం తెలుసే!"

అబ్బాయి తల్లి ఫక్కున నవ్వింది. నవ్వాక ఇక కాదనలేకపోయింది. మధ్యాహ్నం భోజనాలకి అందరూ మా ఇంట్లోనే ఉండిపోయారు. నాలుగింటికి ముందు మా అమ్మాయి ఎవరికీ చూపించకుండా ఏదో రాసి పంపింది.

ఆ పెళ్ళి జరిగింది. మెల్‌బోర్న్‌లో స్నానం, కాఫీ ఎప్పుడో అయిపోయే వేళ కాబట్టి, పిన్ని కబురు ముందు మా అమ్మాయికే వీడియోలో చెప్పాను. నేను నోరు తెరవకముందే, నా మొహం చూసి, "అమ్మమ్మా?" అని అడిగింది.

పిన్ని అనగానే నాకు పెళ్ళి పందిరి గుర్తు రాదు. ఆ సాయంత్రం గుర్తొస్తుంది. ఫోన్ మోగింది, మా అమ్మాయి పెరటి వైపు గదిలోకి వెళ్ళింది. తలుపు వేయడానికని వెళ్ళిన పిన్ని గడప దగ్గర ఆగిపోయింది. అబ్బాయి వాళ్ళ వీధి చూపిస్తున్నట్టున్నాడు, తెరంతా నల్లటి చీకటి, ఒక్క దీపం. మూలన చిన్న గడిలో మా పెరటి ఎండ, తీగ మీద ఆరేసిన దుప్పటి గాలికి ఊగుతోంది. వాళ్ళిద్దరూ ఏదో అనుకుని నవ్వుకుంటున్నారు. పిన్ని మునివేళ్ళ మీద నిలబడి, అరచేతిలో పట్టేంత ఆ రాత్రినీ పగలునీ కాసేపు చూసింది. తరవాత చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి లాగి, దానికి వీపు ఆనించి అక్కడే నిలబడింది.