నర్సుల లెక్కలో నేను

ఈ మధ్యాహ్నం ఎల్‌బీ నగర్‌లో మా ఫ్లాట్‌కి సర్వే అమ్మాయి వచ్చింది. దేశంలో నర్సులు ఎందరు పనిచేస్తున్నారో ఇల్లిల్లూ తిరిగి అడుగుతున్నారట.

"నర్సింగ్ చదివిన్రు గదా మేడం, ఇప్పుడు డ్యూటీ చేస్తున్నరా?"

"పాప పుట్టాక మానేశానమ్మా. రిజిస్ట్రేషన్ మాత్రం రెన్యువల్ చేయిస్తూనే ఉన్నాను."

"మరి మళ్ల జాబ్ చేస్తరా?"

ఫ్యాన్ గాలికి కర్టెన్ ఊగుతుంటే, ఒకప్పటి ఆసుపత్రి వార్డులో తెల్లటి తెరల మధ్య నడుస్తున్నట్టనిపించింది. ఎదురుగా ఎండకి వాడిపోయిన ఆ అమ్మాయి ముఖం.

"ఏంది మేడం, నా చెయ్యి పట్టుకున్నరు?" అని ఆమె నవ్వితే ఉలిక్కిపడ్డాను. గోడ గడియారం చూస్తూ తన నాడి లెక్కపెడుతున్నాను!

"గిప్పుడు ఏం రాయమంటరు?" అంది.

మజ్జిగ తెచ్చే నెపంతో లోపలికెళ్లాను. ఏం రాసుకుందో అడిగే ధైర్యం లేకపోయింది. మీరైతే ఏం రాసేవారు?